ఏడో పగులు

పాత ఇళ్ళు నిలబడతాయో లేదో చూసి కాగితం రాసివ్వడం నా పని. ఇరవై ఏళ్ళుగా చేస్తున్నాను. నా దగ్గర పనిచేసేవాళ్ళు చేయి పెట్టి చూడకుండా రిపోర్టు రాస్తే నేను ఊరుకోను, కళ్ళనీళ్ళు పెట్టుకునేదాకా తిడతాను. ఈ సంగతి ముందే చెప్పడం మంచిది. ఎందుకంటే ఆ రోజు నేను చేసిందీ అదే, చేయి పెట్టి చూడకుండా రాయడం.

జూబ్లీ హిల్స్‌లో ఒక పాత బంగళా. ఇంటావిడది భీమవరం వైపు. వెనక గదుల్లో తానుండి, ముందున్న పెద్ద హాలునూ పై అంతస్తునూ షూటింగులకు ఇస్తుంది. కిందటేడు దయ్యాల సినిమా వాళ్ళెవరో ఇల్లు పాడుబడినట్టు కనపడాలని హాలు నిండా పగుళ్ళు పెయింటు చేయించారు. ఇంకో దయ్యాల సినిమా రాకపోతుందా అని ఆవిడ వాటిని చెరపనివ్వలేదు. ఇప్పుడు పైన పాట తీస్తారట, అరవైమంది డాన్సర్లతో. ప్రొడక్షన్ మేనేజరుకు ఆ పగుళ్ళు చూసి భయం పట్టుకుని నన్ను పిలిపించాడు.

"అవన్నీ పెయింటింగేనండీ, కంగారు పడకండి," అని ఇంటావిడ నవ్వింది.

నేను ఆ మాట నమ్మలేదు. గోరుతో గీకి చూశాను. రంగే రాలింది, కింద ప్లాస్టరు నున్నగా ఉంది. సుత్తితో తట్టి విన్నాను. అలా ఆరు చూశాను, ఆరూ బొమ్మలే. ఏడోది ఎత్తులో, హాలు మధ్య బీమ్ వచ్చి పిల్లర్‌ను కలిసే చోట ఉంది. నిచ్చెన ఎక్కాలి. అదేమో పెరట్లో ఎక్కడో ఉందన్నారు. మూడు దాటింది, నేనింకా అన్నం తినలేదు. కింద నుంచే టార్చి వేసి చూశాను. అదే నలుపు, అదే చేతివాటం. "ఏడూ రంగుతో వేసినవే, ప్రమాదం లేదు" అని రాసి సంతకం పెట్టాను.

మర్నాడు పొద్దున ఫిల్మ్ నగర్‌లో ఇంకో ఇల్లు చూడటానికి వెళ్ళాను. అక్కడ గోడకు రంగు వేస్తున్న పెద్దాయన సినిమా సెట్లకు పనిచేసేవాడు. మాటల్లో ఆ బంగళా పగుళ్ళు తానే వేశానన్నాడు. నాకు ముచ్చటేసింది.

"ఏడింటికి ఏడూ భలే వేశారండీ. నా పొట్ట కొట్టేట్టున్నారు," అన్నాను.

"ఏడు గాదు మేడం, ఆరే ఏసిన," అన్నాడు బ్రష్ కడుక్కుంటూ. "గా మీదున్నది అసల్దే. నేను పోయేటాల్లకే ఉండె. దాన్ని చూస్కుంటనే మిగిలినయి ఏసిన. అన్నీ ఒక్క తీరుగ కనపడాలెనని దాని మీద గూడ జర నల్లరంగు కొట్టిన. మీకు ఎవ్వలు చెప్పలేదా?"

బీమ్ మధ్యలో వచ్చే పగులు చాలాసార్లు ముందుగా హెచ్చరిస్తుంది. పిల్లర్ పక్కన ఏటవాలుగా వచ్చేది అలా కాదు, చెప్పాపెట్టకుండా కూలదోస్తుంది. ఇది మాకు కాలేజీలోనే నేర్పుతారు. ఆ ఏటవాలును నా కళ్ళతో నేను చూసి కూడా రంగనుకున్నాను.

అప్పటికి పది. పాట ఆ రోజే, తొమ్మిదికే మొదలన్నారు. ఇంటావిడకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. మేనేజరు ఫోన్ ఆపేసి ఉంది. కారెక్కి బయల్దేరాను. చెక్‌పోస్ట్ దగ్గర బళ్ళు కదలకపోతే డ్రైవర్ మీద అరిచాను. పాపం అతనేం చేస్తాడు? మళ్ళీ ఫోన్, మళ్ళీ అంతే.

గేటు దగ్గరికే పాట వినిపించింది. హాల్లో సరిగ్గా ఆ బీమ్ కిందే ఇరవైమంది దాకా కూర్చుని ఉన్నారు. కొందరు మేకప్ వేయించుకుంటున్నారు, కొందరు ఉప్మా ప్లేట్లు పట్టుకుని తమ వంతు కోసం చూస్తున్నారు. పైన డాన్సర్లు ఎగిరి దూకినప్పుడల్లా కిటికీ అద్దాలు గలగలమంటున్నాయి.

"లేవండి, అందరూ బయటికి వెళ్ళండి!" అని అరిచాను. ఒక్కరూ కదల్లేదు. షూటింగు ఇంట్లో ఎవరో ఒకరు అరవడం వాళ్ళకు అలవాటే.

మేనేజరు వచ్చి జేబులోంచి నా కాగితం తీశాడు. "మేడం, ప్రమాదం లేదని మీరే కదా రాసిచ్చారు? పైన షాట్ నడుస్తోంది."

"చూడకుండా రాశాను."

"అంటే?"

"ఎక్కి చూడలేదు. బద్ధకించాను. మీకు దణ్ణం పెడతాను, ముందు పాట ఆపండి."

అతను కాగితం వంకా నా వంకా చూస్తూ నిలబడ్డాడు. లైట్ల వాళ్ళ నిచ్చెన అక్కడే ఉంటే లాక్కుని నేనే ఎక్కాను. నల్లరంగు గీకితే కింద ప్లాస్టరు లేదు, సందు ఉంది. బ్యాగులో చేతికి తగిలిన నా విజిటింగ్ కార్డు తీసి అందులోకి దోపాను. సగం దాకా దిగిపోయింది. చెయ్యి తీసేశాను. పైన డాన్సర్లు దూకిన ప్రతిసారీ ఆ కార్డు అదిరింది.

కింద ఉన్నవాళ్ళు అది చూశారు. ప్లేట్లు అక్కడే పడేసి బయటికి పరిగెత్తారు. మేనేజరు రెండేసి మెట్లు ఎక్కుతూ పైకి వెళ్ళాడు. పాట ఆగింది. అరవైమంది వెనక మెట్ల మీదుగా దిగేదాకా "పరుగెత్తొద్దు, మెల్లిగా, మెల్లిగా" అంటూనే ఉన్నాను. ఆఖరి అమ్మాయి గజ్జెలు చేత్తో పట్టుకుని దిగింది.

ఏమీ కూలలేదు. గంటలో సెంట్రింగ్ వాళ్ళు వచ్చి బీమ్ కింద ఆసరాగా ఇనప జాకీలు నిలబెట్టారు. దేవుడిలా వచ్చారని ఒకరిద్దరు నా చేతులు పట్టుకుంటుంటే ఒళ్ళు మండిపోయింది, వాళ్ళ మీద కాదు, నా మీదే.

ఇంటావిడ మాత్రం ఆ జాకీల వంక చూసి నా పక్కకి వచ్చింది.

"బంజారా హిల్స్‌లో మా అక్క ఇల్లు కూడా కిందటేడు మీరే చూశారు కదండీ. అక్కడ ఎక్కి చూశారా?"

"కొన్నిచోట్ల ఎక్కాను," అన్నాను. "అన్నిచోట్లా కాదు."

ఆవిడ వెంటనే ఫోన్ చేసింది. "అక్కా, ఉన్నపళంగా అందరూ ఇంట్లోంచి బయటికి రండి. ఏంటని అడగకు. ఇంజనీరు గారిని తీసుకుని వస్తున్నాను."

నా వంక చూడలేదు. కానీ అంత జరిగాక కూడా నన్ను 'గారు' అనే అంది. చెంప మీద కొట్టినా నాకు అంత సిగ్గేసేది కాదు.