పదకొండు పెద్దక్షరాలు

కర్నూలులో వృక్షశాస్త్రం చదివిన ఆబిదా, మెల్‌బోర్న్‌లోని ఒక చిన్న అచ్చాఫీసులో కంప్యూటరు మీద కార్డులు కూర్చేది. భర్త మజీద్ బ్యాంకు ప్రోగ్రాముల్లో రెండంకెల సంవత్సరాలను నాలుగంకెలకు మార్చే పనిలో తలమునకలై ఉండగా, ఆమె పద్నాలుగు నెలలు కష్టపడి ఇంగ్లీషు అక్షరాలకు ఒక ఫాంటు గీసింది. యూరప్‌లో అచ్చుయంత్రం రాకముందు క్రైస్తవ మఠాల్లో వెడల్పు పాళీతో రాసిన తీరు అది. నిలువు గీతలు మందంగా, కలిపే గీతలు సన్నగా, మొనలు కోసుగా ఉంటాయి. పెద్దక్షరాలకు తీగల్లాంటి మెలికలుంటాయి. పాళీని నలభై డిగ్రీల వాలులో పట్టి కాగితం మీద రాసుకున్నాకే ఆమె తెరమీదికి ఎక్కించేది.

ఆ ఫాంటుతో వేసిన మొదటి కార్డు ఫిర్యాదు లేకుండా బయటికి వెళ్తేనే నమూనాల పుస్తకంలో చేరుస్తానంది యజమానురాలు.

1999 అక్టోబరులో మజీద్ సహోద్యోగి కేశవరావు గృహప్రవేశం కార్డుకని వచ్చి, ఆ అక్షరాలు చూసి ముచ్చటపడ్డాడు. తన పేరూ, భార్య జ్ఞానప్రసూన పేరూ మొత్తం పెద్దక్షరాల్లోనే వేయమన్నాడు. మెలికల అక్షరం పదం మొదట ఒకటే నిలవాలని, వరసగా పేరిస్తే ఒకదానిలో ఒకటి చిక్కుకుంటాయని ఆబిదా చెప్పి చూసింది. వీసా ఫారాలన్నీ పెద్దక్షరాల్లో నింపి నింపి అలవాటుపడిన మనిషి, వినలేదు.

మరునాడు ప్రూఫు చూసి కళ్లజోడు తుడుచుకున్నాడు.

"ఆబిదమ్మా, కోటగోడ మీద నగిషీలా బానే ఉంది. ఇందులో మేమెక్కడున్నాం?"

"ఫస్ట్ లెటరొక్కటే పెద్దది పెడితే కనిపిస్తారంకుల్."

"నన్ను స్మాల్ లెటర్స్‌లో వేసినా సర్దుకుంటాను. ఆవిణ్ణి వేశావంటే కొత్తింట్లో నాకు కాఫీ పుట్టదు."

ఆబిదా నవ్వింది గాని, ఈ కార్డు పోతే పద్నాలుగు నెలల పనీ సొరుగులోకే పోతుందని ఆమెకు తెలుసు. ఇంటికి వెళ్లి రెండు పేర్లనూ విడదీసి చూసింది. జ్ఞానప్రసూన ఇంగ్లీషులో 'జే'తో మొదలవుతుంది; వేర్వేరు అక్షరాలు పదకొండే. ఈ కోసుమొనల రాతకంటే పాతదైన గుండ్రటి రాత ఒకటుందని, అందులో చిన్నా పెద్దా తేడాయే లేదని ఆమె చదివి ఉంది. పాళీ వాలును ఇరవై డిగ్రీలకు తగ్గించి, మెలికలు తీసేసి, ఆ పదకొండూ గీసి తన ఫాంటుకు జతచేసింది. శని ఆదివారాలు రెండూ పట్టాయి.

సోమవారం కేశవరావు కార్డును చెయ్యి చాచినంత దూరంలో పట్టుకుని ముందు భార్య పేరు పైకి చదివాడు. తన పేరు తరువాత చూసుకున్నాడు. నూటయాభై అచ్చువేస్తే ఒక్కటీ వెనక్కి రాలేదు. నమూనాల పుస్తకంలో ఆబిదా ఫాంటుకు ఒక పేజీ దొరికింది.

ఆ గుండ్రటి అక్షరాలు ప్రపంచంలో ఒక్క దంపతులకే పనికొస్తాయని మజీద్ ఆటపట్టించాడు. ఇంకా పదిహేను మిగిలాయని ఆమె ఒప్పుకుంది. వచ్చే వారం శేషగిరి అనే ఆయన కార్డుకు వాటిలో మూడు కావాలి. టీ కప్పు పక్కకు జరిపి, 'జీ' అక్షరంతో మొదలుపెట్టింది.