సన్నబడిన ధార
మా వీధిలో ఈ ఉదయం పాత బోరు మోటారు పైకి లాగి కొత్తది దించుతున్నారు. ఇనుప పైపుల మీంచి కారే తుప్పునీళ్ల వాసన, తడిసిన నైలాను తాడు వాసన కిటికీలోంచి రాగానే నాకు చిన్నప్పటి భన్‌పురి ఎండాకాలం, పిండిలో పడిన నెత్తురు గుర్తొచ్చాయి. కిటికీ పక్క కుర్చీలో నాన్న కూర్చుని ఉన్నాడు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త. నాన్న సైకిల్ మీద ఉర్లాలోని ఇనుప కార్ఖానాకి వెళ్లేవాడు. శ్రీకాకుళం నుంచి ఆ పరరాష్ట్రానికి పనులకొచ్చిన కుటుంబాలున్న మా వీధికంతటికీ ఒకటే బోరు. దాన్లో మోటారు దించిన రోజు మాకు పండగే: కొబ్బరికాయ కొట్టి, మోటారు కడుపులో మంచినీళ్లు పోసి గాలిబుడగలు ఆగేదాకా ఊపి, ఒక్కో పైపుకీ కేబుల్ని టేపుతో చుట్టి, ఇసుక తోడకుండా అడుక్కి కాస్త పైన, ఎండల్లో కూడా మునిగే ఉండేటంత లోతున తాడుకి వేలాడదీశారు. భూమిలో అది ఎటు తిరుగుతోందో కనబడదు గనక, నాన్న రెండు వైర్లు అటూ ఇటూ మార్చి చూసి, ధార బలంగా దూకిన పద్ధతిలోనే బిగించి, స్టార్టర్ డబ్బాకి తాళంవేసి తాళంచెవి మొలతాడుకి కట్టుకున్నాడు.

వెనక వీధిలో కేజూ కాకా పిండి ఆడించే చక్కీ ఉండేది. మండుటెండల్లో ఆయన భార్య కాకీ పంపే బోరే బాసీని ఉల్లిపాయ నంజుకుని తింటూ, ఇది మన చద్దన్నానికి చెల్లెలని నాన్న అనేవాడు. ఎడ్లకి పూజచేసే పోలా పండక్కి వాళ్ల శనగపిండి ఠేఠ్‌రీలు మా ఇంటికొచ్చేవి, దీపావళికి మా అరిసెలు వాళ్లింటికి వెళ్లేవి.

ఆ వేసవిలో కాకా కూడా బోరు వేయించాడు. రాయిని పొడిచే యంత్రం మా గోడల్ని అదరగొట్టింది, ఆరేసిన బట్టలు రాతిపొడితో తెల్లబడ్డాయి. అదే వారం ట్రాన్స్‌ఫార్మర్ పేలిపోతే కొత్తది పెట్టారు. మర్నాటికి మా ధార వేలంత సన్నబడింది. కుళాయి దగ్గర ఆడవాళ్లు జుట్లు పట్టుకున్నారు, బిందెలు సొట్టలు పడ్డాయి. నీళ్లు ఇంకా దిగితే మోటారు ఉత్తినే తిరిగి కాలిపోతుందని నాన్న భయం. తప్పంతా కాకా బోరుదేనని వీధి తేల్చేసింది. ఆయనతో ఆ మాట అనకుండానే గోధుమలు వేరే చక్కీకి పంపడం మొదలుపెట్టింది.

"ఓపాలి డబ్బా తెరిసి సూడకూడదేటి?" అంది అమ్మ.

"నా సేతుల్తో బిగించిన మోటారది. దానికే రోగమూ నేదు. ఆడి బోరే మన నీల్లు లాగేస్తంది."

మధ్యాహ్నం నాన్న పైపులు పట్టే ఇనుప క్లాంపు తీసుకుని బయల్దేరాడు. వెనకే నేనూ పరిగెత్తాను. మా నీళ్లన్నీ లాగేస్తున్నావని నాన్న అరిస్తే, కనుబొమల దాకా పిండి పట్టిన కాకా నవ్వాడు. "తోర్ పానీ మైఁ కాబర్ చోరాహూఁ, భాయీ?" నీ నీళ్లు నేనెందుకు దొంగిలిస్తానన్న ఆ మాటకి నాన్న క్లాంపుతో జవాబిచ్చాడు. కాకా కుడి మణికట్టు విరిగిన చప్పుడు చక్కీ మోతలోనూ వినబడింది. రెండో దెబ్బ భుజం మీద. తెల్లటి పిండిలో నెత్తురు ఉండలు కట్టింది. పొద్దుగూకేలోపు రెండు వీధుల మగవాళ్లూ కర్రలూ ఇటుకలూ పట్టుకున్నారు. ఎవరివో పళ్లు రాలాయి, మా తలుపు పగిలింది. అమ్మ నన్ను మంచం కిందకి తోసి అడ్డంగా కూర్చుంది.

మర్నాడు కాకీ ఆ పగిలిన తలుపు దగ్గరికొచ్చి నిలబడింది. ఏడవలేదు.

"హమర్ చక్కీ ఘలో ఉల్టా ఘూమత్ రహిస్," అంది. కొత్త ట్రాన్స్‌ఫార్మర్ పెట్టిన రోజు దాని దగ్గర వైర్లు తారుమారై చక్కీ వెనక్కి తిరుగుతుంటే కళ్లతో చూసి కాకా రెండు వైర్లు మార్చాడట. మరి నీ మోటారు ఎటు తిరుగుతోందో నువ్వు చూసుకున్నావా అని నాన్నని అడిగింది.

అమ్మే నాన్న మొలతాడు తెంపి తాళంచెవి ఆయన చేతిలో పెట్టింది. నాన్న డబ్బా తెరిచి వైర్లు మార్చాడు. ధార ఎగిసి బోరు పక్కనున్న నీళ్ల ట్యాంకు అవతలి గోడకి కొట్టుకుని మట్టిలోకి పొర్లింది. ఒక్కరూ బిందె తేలేదు.

కాకా కుడిచెయ్యి మళ్లీ బస్తా మూతి పట్టలేదు. చక్కీ మూతపడింది. ఇప్పుడక్కడ టైర్ల దుకాణం ఉంది. బోరే బాసీ మళ్లీ మా గడప దాటి రాలేదు. కొత్త స్టార్టర్లలో వైర్లు తారుమారైతే ఎర్రదీపం వెలిగి మోటారు దానంతటదే ఆగిపోతుందని కిటికీ కింద మెకానిక్ ఎవరికో చెబుతున్నాడు.

మోటారు వేశారు. ధార దూకింది. పిల్లలు కేకలు పెట్టారు. నాన్న లేచి కిటికీ రెక్కలు మూసేశాడు.