ఎడమ కాలికి సెలవు

మా బావ పాడైన బండ్లను లాక్కొచ్చే పని చేస్తాడు. నడిరోడ్డు మీద మొరాయించిన కారైనా, బురదలో కూరుకుపోయిన వ్యానైనా ఒక్క ఫోన్ చేస్తే చాలు. వెనక కొక్కెం వేలాడే బండేసుకుని వెళ్ళి, దాన్ని తగిలించుకుని షెడ్డుకు చేరుస్తాడు. అందుకే ఊరందరికీ ఆయన కొక్కెం. అసలు పేరు బ్యాంకులోనూ, మా అక్కకు కోపం వచ్చినప్పుడూ మాత్రమే వినిపిస్తుంది.

ఆయనకు కొన్ని పద్ధతులున్నాయి. బండి ఎలా పాడైందని ఎవరినీ అడగడు. "ఆగిపోయిన బండి పక్కన నిలబడ్డవాణ్ణి ఇంట్లోవాళ్ళు అప్పటికే ఫోన్లో వాయించేసి ఉంటార్రా, మళ్ళీ నేనెందుకు?" అంటాడు. వాళ్ళను సీట్లో కూర్చోబెట్టి, మొహం తుడుచుకోవడానికి ఉతికిన తువ్వాలు ఇస్తాడు. తర్వాత వెనక్కి వెళ్ళి, పాడైన బండి బానెట్ మీద ఒకసారి తట్టి, "రా తల్లీ" అంటాడు. అది పది చక్రాల లారీ అయినా ఆయనకు తల్లే.

ఇక గొప్పల సంగతికొస్తే, ఆయన గొప్పంతా క్లచ్ దగ్గరే ఉండేది. గ్లాసు నిండా టీ పోసి స్టీరింగ్ ముందు అరుగు మీద పెట్టించుకుని, వెనక బరువుతో ఎత్తులో బండి కదిలించేవాడు. చుక్క ఒలికేది కాదు. "ఇది చదివితే వచ్చే విద్య కాదు బావమరిదీ, ఎడమ కాలికి బుద్ధుండాలి" అనేవాడు. కుడి కాలికి లేని బుద్ధి ఎడమ కాలికి ఎక్కణ్ణుంచి వచ్చిందని నేనడిగితే, మా అక్కను చూపించి, "మీ వంశంలో పిల్లను చేసుకున్న రోజే ఉన్న బుద్ధంతా కిందికి జారిపోయింది" అనేవాడు.

నేను దర్జీని. ఆయన పెళ్ళి ప్యాంటు దగ్గర్నుంచి అన్నీ నేనే కుట్టాను. ఆయన ఎడమ తొడ కుడిదానికంటే ఎప్పుడూ కాస్త లావు. అన్నేళ్ళు క్లచ్ తొక్కిన కాలు మరి. అలాంటిది, ఈసారి కొలత తీస్తే ఎడమది అంగుళం తక్కువొచ్చింది. నమ్మకం లేక మళ్ళీ తీశాను. మళ్ళీ అంతే.

"టేపు మార్చరా, సాగిపోయింది" అన్నాడు బావ.

సాగితే రెండు కాళ్ళకూ సాగాలి కదా! మనిషి కొంతకాలంగా ఎడమ కాలు మీద బరువు ఆనించడం లేదని నాకు అర్థమైంది. ఆయన చొక్కా గుండీలు పెట్టుకునేలోపు అక్కకు చెప్పేశాను. అక్క ఆయన్ను డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. ఆ రోజు కొక్కెం ఆమె చేతిలో ఉంది. ఎడమ మోకాలు అరిగిపోయిందనీ, నడవచ్చు, ఎక్కచ్చు, దిగచ్చు గానీ, ఇక క్లచ్ తొక్కితే ఆ కాలు ఎందుకూ పనికిరాకుండా పోతుందనీ డాక్టరు తేల్చేశాడు.

పులి మీద పుట్రలా, అదే నెలలో పాత బండి అడుగుభాగం తుప్పుపట్టి విరిగింది. ఇంకో బండి కొనక తప్పదు. పాత బండ్లు అమ్మే ఆయన, ప్రతి మాటకీ 'గ్యారంటీ' అంటాడు కాబట్టి అదే ఆయన పేరు, రెండు బండ్లు చూపించాడు. ఒకే కంపెనీ, ఒకే వయసు, వెనక అదే కొక్కెం. తెల్లదానికి మనం గేర్లు వెయ్యాలి. నీలంది తన గేర్లు తనే మార్చుకుంటుంది. ఒక్కోదాన్ని ఒక్కో రోజు నడిపి చూసుకోమన్నాడు.

బావ నీలం బండి వంక కన్నెత్తి చూడలేదు. "గేర్లు అదే వేసుకుంటే నేనెందుకు, అద్దం తుడవడానికా?" అన్నాడు. "బరువుతో దిగుడులో దాని గేర్‌బాక్సు వేడెక్కి పోతే ఎవడిది పూచీ?"

"గ్యారంటీ!" అన్నాడు గ్యారంటీ.

అక్క ఆ మాట నమ్మే మనిషి కాదు. గేర్‌బాక్సు మెకానిక్కును వెంటబెట్టుకొచ్చింది. అతను నీలం బండి గేర్ నూనె తెల్లగుడ్డ మీద అద్ది చూపించాడు. ఎర్రగా ఉంది, మాడు వాసన లేదు. బరువు లాగేటప్పుడు ఆ నూనెను చల్లబరిచే చిన్న రేడియేటరు కూడా ముందు బిగించి ఉంది. "ఎవరో పిల్లలా చూసుకున్నారండీ దీన్ని" అన్నాడు మెకానిక్కు.

బావ మాత్రం తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్నాడు. నిజానికి ఆయన బాధ గేర్‌బాక్సు కాదు. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందన్నట్టు, మోకాలి నొప్పికంటే లారీ స్టాండులో డ్రైవర్లు నవ్వుతారనే దిగులే ఎక్కువ. పైగా మా పెద్దన్నయ్య మార్కెట్ పార్కింగులో కుర్చీ ఉద్యోగం ఉంది, వచ్చెయ్యమని కబురు పెట్టాడు. కూర్చుని టోకెన్లు చింపి ఇవ్వడమే పని. ఆ మాట విన్న దగ్గర్నుంచి బావ సరిగా తినడం లేదు. "పోయే బండ్లను చూస్తూ కూర్చోవాలా నేను?" అని నన్నొక్కసారే అడిగాడు. నేను దారం కొరుకుతూ కూర్చున్నాను.

మొదటి రోజు తెల్ల బండి తీశాడు. నేను కొట్టు మూసి ఆయన వెంట వెళ్ళాను. ఒక కూరగాయల వ్యాను దొరికింది. మా ఊళ్ళో ఏ బండిని లాగినా నీళ్ళ ట్యాంకు దగ్గరి ఎత్తు ఎక్కి దిగితేనే షెడ్డు. ఆ ఎత్తు మీద బావ తెల్ల బండిని నడిపిన తీరు చూసి తీరాలి. గేరు పడినట్టే తెలియలేదు. నాకే గర్వమేసింది. ఇంత విద్య చేతిలో పెట్టుకుని మానెయ్యమంటే ఎవరు మానతారు?

షెడ్డు ముందు ఆపాక మాత్రం బావ దిగలేదు. వ్యాను యజమాని దిగాడు. నేను దిగాను. బావ స్టీరింగు పట్టుకుని అలాగే కూర్చున్నాడు.

"దిగవేంటి బావా?"

"ఇంజిన్ చల్లారాలి."

ముప్పై ఏళ్ళలో ఆయన ఏ ఇంజినూ చల్లారేదాకా ఆగింది లేదు. బండి ఊగడం ఆగకముందే దూకి, కొక్కెం దగ్గర ఉండే మనిషి. వ్యాను యజమాని నిజమేననుకుని తలూపాడు. నేను వెనక్కి వెళ్ళి గొలుసులు విప్పుతూ సందులోంచి చూశాను. బావ రెండు చేతులతో ఎడమ మోకాలిని ఎత్తి పక్కకు పెట్టుకుంటున్నాడు.

షెడ్డులో కూర్చుని ఫోన్లు ఎత్తే అక్క కిటికీలోంచి అంతా చూసింది. టీ తెచ్చి బండి తలుపు దగ్గరే అందించింది. మా అక్క తిడితే భయం లేదు. తిట్టకపోతేనే భయం.

ఆ సాయంత్రం బావ, "తెల్లదే తీసుకుందాం" అన్నాడు.

"సరే, తీసుకుందురు గానీ, నీలం బండికి కూడా ఒక రోజు మాటిచ్చాం కదా. రేపు నేనూ వస్తాను" అంది అక్క.

మర్నాడు అక్క ముందు సీట్లో, నేను వెనక సీట్లో కూర్చున్నాం. వీధి మలుపు దాకా బాగానే ఉంది. మలుపులో వేగం తగ్గగానే బావ ఎడమ కాలు అలవాటుగా లేచి, లేని క్లచ్ కోసం వెతికి, వెడల్పాటి బ్రేక్ పెడల్ మీద గట్టిగా పడింది. బండి మేకు కొట్టినట్టు ఆగిపోయింది. నా నుదురు ముందు సీటుకు తగిలింది. వెనక సైకిలు మీద వస్తున్న పేపరతను మా మూడు తరాల్నీ తలుచుకున్నాడు.

"చూశారా! బండేనా ఇది?" అన్నాడు బావ.

"బండిదేం తప్పు? కాలిది" అంది అక్క.

సిగ్నల్ దగ్గర మళ్ళీ అంతే. మార్కెట్ మూలన మూడోసారి. నా నుదురు బొప్పి కట్టింది. బావ అయితే సంబరపడిపోతున్నాడు, కాలు గెలుస్తోందని.

"ఆపండి. ఆ ఎడమ బూటు విప్పండి" అంది అక్క.

"ఎందుకే?"

"విప్పండి చెప్తాను."

విప్పాడు. అక్క దాన్ని తన ఒళ్ళో పెట్టుకుంది. "బూటున్నంతసేపూ ఆ కాలు డ్యూటీలో ఉన్నాననుకుంటుంది. ఇక దాన్ని వెనక్కి లాగి కూర్చోబెట్టండి."

బావ అక్క మొహం చూసి, కాలు వెనక్కి లాక్కున్నాడు. చిత్రమేమిటంటే ఆ మంత్రం పారింది. వట్టి మేజోడుతో ఉన్న కాలు రెండుసార్లు లేవబోయి, ఏదో లోటనిపించి, సిగ్గుపడి వెనక్కి తగ్గింది. అంతలో ఫోన్ వచ్చింది. నీళ్ళ ట్యాంకు ఎత్తు కింద సంగీతం టీచరమ్మ కారు ఆగిపోయిందట.

అప్పుడే సన్నగా వాన మొదలైంది. కారు తగిలించుకున్నాం. టీచరమ్మ నా పక్కన కూర్చుని, తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ ముందుకు తొంగిచూసింది.

"అయ్యో, మీ రెండో బూటు ఏదండీ?"

"ఆ కాలికి సెలవిచ్చామండీ" అంది అక్క.

ఎత్తు సగం ఎక్కాక, రోడ్డు పనివాళ్ళు ఎర్రజెండా ఎత్తారు. ఆగాలి. వెనక బరువు, కింద తడి రోడ్డు, సరిగ్గా బావ విద్య అంతా చూపించాల్సిన చోటు. ఆయన మెడ బిగుసుకుంది. అక్క తాపీగా ఫ్లాస్కు తీసి, గ్లాసు నిండా టీ పోసి, స్టీరింగ్ ముందు అరుగు మీద పెట్టింది. బావ గ్లాసు వంక చూశాడు, అక్క వంక చూశాడు. జెండా దిగింది. ఆయన కుడి కాలు బ్రేకు మీంచి తీసి మెల్లగా రెండో పెడల్ మీద ఆనించాడు. బండి వేలెడు కూడా వెనక్కి జారకుండా ముందుకు కదిలింది. టీ వణికింది గానీ ఒలకలేదు.

"దొంగ ముండ! నా విద్య కొట్టేసింది" అని బండిని తిట్టాడు బావ. తిట్టులో మాత్రం కోపం లేదు.

దిగుడులో లివరును కింది గేరుకు లాగాడు. ఇంజిన్ గట్టిగా మూలుగుతూ బరువునంతా పట్టుకుని నిదానంగా దించింది. బావ స్టీరింగు మీద తట్టి, "రా తల్లీ" అన్నాడు. వెనక కారుతో అనే మాట మొదటిసారి తన బండితో అనడం విన్నాను.

షెడ్డు ముందు బండి ఇంకా ఊగుతూనే ఉంది. తలుపు తెరుచుకుంది. బావ దూకాడు. ఒక కాలికి బూటు, ఒక కాలికి మేజోడు, నీళ్ళ గుంటలోంచి ఛప్ ఛప్ మని వెనక్కి వెళ్ళి, కొక్కెం పట్టుకుని, "ఒరే బావమరిదీ, గొలుసు ఇలాగేనా కట్టేది? ప్యాంటుకు నాడా అనుకున్నావా?" అని నా మీద అరుస్తున్నాడు.

తడిసిన మేజోడు చూసి అక్క ఇప్పుడు మొదలుపెడుతుందనుకున్నాను. ఆమె కదల్లేదు. ఒళ్ళో బూటును రెండు చేతులతో పట్టుకుని, పక్క అద్దంలో ఆయన్నే చూస్తోంది. కళ్ళ నిండా నీళ్ళు, మొహం నిండా నవ్వు.

"ఇంజిన్ చల్లారనే లేదురా తమ్ముడూ. ఎలా దిగిపోయాడో చూడు" అంది.