కొలరాడోలో కలిపి వచ్చాం

మా ఆయనది కాకినాడ. ఫీనిక్స్ పక్కన చాండ్లర్‌లో ఇల్లు కొన్న రోజు నుంచీ ఒకటే సణుగుడు. "సముద్రం లేని ఊళ్లో ఎలా బతుకుతారే బాబూ!" కుళాయి నీళ్లు నోట్లో పోసుకుని మొహం చిట్లించేవారు. "ఛీ, బ్లీచింగ్ కంపు. నేను పోతే మాత్రం సముద్రంలో కలుపు తల్లీ, ఈ ఎడారిలో వదిలెయ్యకు." పొద్దున్నే ఏం మాటలండీ అవి అని కసిరేదాన్ని.

అన్నంత పనీ చేశారు. ఆఫీస్‌లో మీటింగ్ మధ్యలో కుప్పకూలి, మళ్లీ లేవలేదు.

అస్థికలు ఇండియా తీసుకెళ్దామంటే నాకు వీసా స్టాంపింగ్ గొడవ. వెళ్తే తిరిగి రానిస్తారో లేదో తెలీదు. "అమ్మా, శాన్ డియేగో డ్రైవ్ చేద్దాం. డాడీకి ఓషనే కదా కావాలి?" అంది మా అమ్మాయి. ఇక్కడ పుట్టిన పిల్ల, దీనికేం తెలుసులే అనుకున్నాను. పారే నదిలో కలపాలి, ఆ నదే తీసుకెళ్లి సముద్రానికి అప్పజెప్పాలి. మా ఇళ్లల్లో పద్ధతి అది. ఫోన్‌లో పురోహితుడుగారు కూడా, సముద్రంలో కలిసే నది ఏదైనా గంగతో సమానమేనమ్మా అన్నారు. మ్యాప్ తీశాను. కొలరాడో. రాకీ కొండల్లో మంచు కరిగి పుట్టి, గ్రాండ్ కాన్యన్‌ని కోసుకుంటూ వచ్చి, ఎడారి దాటి, మెక్సికోలో సముద్రంలోకి. నీలి గీత ఎక్కడా తెగలేదు. ఇంకేం కావాలి?

బుల్‌హెడ్ సిటీ దగ్గర జనం లేని చోటు చూసుకుని నీళ్లలోకి దిగాం. ఎగువన డ్యామ్‌లోంచి వదిలిన నీళ్లు, ఎముకలు కొరికేంత చల్లగా, మంచి వేగంగా పోతున్నాయి. రాగి చెంబు వంచాను. చూస్తుండగానే ఆయన వెళ్లిపోయారు. కలిపాక వెనక్కి తిరిగి చూడకూడదట, పోయినవాళ్లని పోనివ్వాలట. పళ్లు బిగబట్టుకుని, పిల్ల చెయ్యి పట్టుకుని కార్ దాకా నడిచాను.

సంవత్సరీకం అయ్యాక, నది సముద్రం వైపు వెళ్లే దారైనా చూసి దణ్ణం పెట్టుకుందామనిపించింది. బోర్డర్ దాటే ధైర్యం లేదు. యూమా దాటి, ఇవతలున్న చివరి ఊరి దాకా వెళ్లాం. దారి పొడవునా లెట్యూస్ తోటలు, కళ్లు చెదిరే పచ్చదనం. గట్టెక్కి చూస్తే ఇసుక. ఎండిన పొదలు, ఇసుకలో టైర్ల జాడలు.

"నది ఏదే?"

"ఇదేనమ్మా."

"నీ మొహం! సరిగ్గా చూడు."

ఫోన్ చూసి చదవడం మొదలుపెట్టింది. ఒకప్పుడు సముద్రంలోంచి యూమా దాకా స్టీమర్లు వచ్చేవట. తర్వాత డ్యాములు కట్టారు. ఏడు రాష్ట్రాలు, ఆపైన మెక్సికో పంచుకుంటే, సముద్రానికి ఇక మిగిలేదేమీ ఉండదట.

"మరి మనం కలిపిన నీళ్లు?"

"కింద లేక్ హవాసుకి వెళ్తాయి. అక్కడ పంప్ చేసి, కాలువలో..." ఆగిపోయింది.

"ఎక్కడికే? చెప్పు!"

"ఫీనిక్స్‌కమ్మా. మన చాండ్లర్‌కి కూడా."

ఆ ఇసుకలోనే కూలబడి గుండెలు బాదుకుని ఏడ్చాను. జీవితంలో ఆయన నన్ను గట్టిగా అడిగింది ఒక్కటే. ఐదారు గంటలు డ్రైవ్ చేస్తే అయిపోయేది. పద్ధతి, పద్ధతి అని ప్రాణం తీశాను. ఇప్పుడు ఎవరిని అడగను, ఎక్కడని వెతకను?

ఇంటికొచ్చాక కొన్నాళ్లు బాటిల్ నీళ్లతోనే వండాను. "ఫిల్టర్ చేస్తారమ్మా, అందులో ఏమీ ఉండదు" అని పిల్ల బతిమాలింది. నాకు తెలీదా? నేనూ ఇంజినీర్‌నే.

ఇవాళ బాటిల్స్ అయిపోయాయి. బియ్యం కడగడానికి కుళాయి తిప్పాను. గుప్పున అదే బ్లీచింగ్ కంపు. వెనక్కి తిరిగి చూడకుండానే వచ్చాను. ఆయనే నా వెనకాల వచ్చేశారు, ఏ ఊళ్లో వదిలెయ్యొద్దన్నారో ఆ ఊరికే.