తనకల్లు దిక్కుకు పారిన నీళ్లు

మొన్న వేసవిలో మా మనవరాలిని మ్యూజియంలో పిల్లలకు పెట్టిన మట్టిబొమ్మల తరగతికి తీసుకువెళ్తే, వాకిట్లో కాపలా కుర్రవాడు నా సంచి తెరిపించి, అందులో ఒక కాపురానికి సరిపడా సామాను ఉన్నా దేని జోలికీ పోకుండా నీళ్ల సీసా ఒక్కటే తీసి బల్ల మీద పెట్టించాడు. లోపలికి నీళ్లు తీసుకుపోరాదట. నా చిన్నప్పుడు, అరవైల మొదట్లోనే ఈ నియమం ఉండి ఉంటే మా ఇంట్లో ఎంత రభస తప్పేదో, తనకల్లు వాళ్లకు ఎంత వాన తప్పిపోయేదో తలచుకుని నాలో నేను నవ్వుకుంటుంటే, ఈవిడకు ఎండదెబ్బ తగిలిందనుకున్నాడేమో, పాపం, కుర్చీ చూపించాడు.

మా ఊరు వజ్రకరూరుకు అవతల. అక్కడ ఎండ ఎలాంటిదంటే, కోడి గుడ్డు పెట్టి పక్కకు తిరిగేలోపల అది ఉడికిపోయేది. వాన పడితే మావాళ్లకు రెండు ఆశలు: శెనక్కాయ విత్తుకోవచ్చు, కాలికింద వజ్రమూ దొరకవచ్చు. పడకపోతే రెండూ లేవు. ఆ వాన తాళంచెవి మా చేని గట్టున ఉండే ఒక రాతి దగ్గర ఉండేదని ఊరంతటికీ నమ్మకం. ఎప్పుడో పశువుల దొంగలతో పోరాడి చచ్చిపోయిన వీరుడి రాయి అది. మేము ఈరన్న అనేవాళ్లం. తరతరాలుగా పూసిన ఆముదం, పసుపు పేరుకుపోయి ఈరన్న నల్లటి బెల్లపుదిమ్మెలా ఉండేవాడే తప్ప కన్నూ ముక్కూ ఎవరికీ తెలియవు.

విత్తనాలకు ముందు ఊరిబావి నీళ్లు తెచ్చి ఈరన్న నెత్తిన పోయాలి. ఆ నీళ్లు ఏ దిక్కుకు పారితే ఆ దిక్కు పొలాలకు ముందు వాన. అందుకని ఊళ్లోని పెద్దమనుషులందరూ ఆ వారమంతా ఏదో పని ఉన్నట్టు అటువైపు వెళ్లి, కాలి బొటనవేలితో తమ చేని వైపుకు చిన్న కాలువ గీసి, ఏమీ ఎరగనట్టు చుట్ట కాల్చుకుంటూ వచ్చేవాళ్లు. మా నాయనకు నాయన, మా జేజినాయన, ఆయన బొటనవేలు ఆ పనిలోనే సగం అరిగిపోయిందని మా జేజి అనేది.

అలాంటి ఈరన్నను, పట్నంలో కొత్తగా పెడుతున్న మ్యూజియానికి పాత రాళ్లు కావాలని ఒక ఆఫీసరు జీపులో వచ్చి అడిగితే, జేజినాయన ఇచ్చేశాడు. రాతి కింద ఇచ్చినవాళ్ల పేరు రాస్తారని ఎవరో చెవిలో ఊదారు మరి. ఆ ఏడు వాన రాలేదు. మరుసటి ఏడు వేసవి ముదిరేసరికి మా జేజి బావికి పోతే ఆడవాళ్ల మాటలు ఆగిపోయేవి. వానను జీపెక్కించి పంపిన ఇల్లు అని మాకు పేరు వచ్చింది. దూలానికి వేలాడదీసిన విత్తనపు శెనక్కాయల మూట వైపు మా అమ్మ రోజూ చూసేది. ఇంకొన్నాళ్లు చినుకు పడకపోతే అవి వేయించుకు తినడమే.

మ్యూజియంలో వేసవి ప్రదర్శన పెడుతున్నారని, పిల్లాపాపలతో అందరూ రావచ్చని కబురు తెలిసిన రోజు జేజి మాకు తలంట్లు పోసింది. పిల్లలకు చరిత్ర తెలియాలని ఆవిడకు అంత ఆరాటం ఎప్పుడు పుట్టిందో మాకెవరికీ అంతుబట్టలేదు. తెల్లారేసరికి బావి అడుగున మిగిలిన, రంగులో చిక్కటి టీని తలపించే నీళ్లను వడగట్టి ఇత్తడి మరచెంబులో పోసి, మర బిగించి ఒళ్లో పెట్టుకుని, జేజినాయననూ నాయననూ మమ్మల్నీ వెంటేసుకుని బస్సెక్కింది. దారి పొడుగునా మా నాలుకలు చెప్పు తోళ్లలా ఎండిపోయినా ఆ చెంబు మూత విప్పలేదు. మా నాయన రెండుసార్లు దగ్గి, ఒకసారి చెయ్యి చాపితే, కన్నకొడుకని కూడా చూడకుండా ఆ చేతిమీద ఒక్కటి వేసింది. పొరుగు సీటు ఆవిడ జాలిపడి మాకు మజ్జిగ పోసింది. నీళ్లు ఉండి కూడా పిల్లలకు పోయని ముసలిదాన్ని ఆవిడ చూసిన చూపు నాకింకా గుర్తే.

మ్యూజియం లోపల అడుగుపెట్టాక మాత్రం మేము దాహం మరిచిపోయాం. గుమ్మడికాయంత ఫిరంగి గుండు, కత్తులు, వజ్రాలు దొరికే నేల నుంచి తెచ్చిన నీలపు రాళ్లు. ఆ రాళ్ల అద్దాల పెట్టెకు మేము ముక్కులు ఆనించి, ఒక్క మెరుపైనా కనబడకపోతుందా అని వెతికాం. ఇక ఈరన్న దగ్గరికి వస్తే, జేజి ఈయన మావాడు కాదని ఖండితంగా చెప్పేసింది. తప్పు ఆవిడది కాదు. మ్యూజియం వాళ్లు తోమి తోమి జిడ్డంతా వదిలించేశారు. కోరమీసం, ఎత్తిన కత్తి, కాళ్ల దగ్గర తోక పైకెత్తిన ఒక కుక్క! తాతముత్తాతల నాటి నుంచి మొక్కుతున్నాం గానీ ఈరన్నకు కుక్క ఉందని మా వంశంలో ఒక్కరికీ తెలియదు. చేను దున్నేటప్పుడు మా మడక తగిలి భుజం మీద లేచిపోయిన పెచ్చు చూసి జేజి ఆయన్ని ఆనవాలు పట్టింది. జేజినాయన రాతి కిందా, రాతి వెనకా, చివరికి గోడ మీదా తన పేరు కోసం వెతుకుతూనే ఉన్నాడు. అక్కడ 'వీరగల్లు' అని తప్ప ఇంకేమీ లేదు.

ఆయన అలా వంగి ఉండగానే జేజి మర విప్పి పోయడం మొదలుపెట్టింది. కాపలా ఆయన, గడ్డం నెరిసిన సాయిబు, పరుగున వచ్చాడు.

"ఏమవ్వా, ఏం చేస్తాండావు? ఈడ రాళ్లను తాకగూడదు."

"నేను యాడ తాకినానప్పా? పోసినా, అంతే."

మా నాయన సిగ్గుతో చచ్చి సగమయ్యాడు. జేజి మాత్రం ఈరన్న కథ, విత్తనాల మూట, బావి దగ్గరి మాటలు, అన్నీ ఏకబిగిన ఆయనకు చెప్పింది. ఆయన వింటూ వింటూ చూపు నేల మీదికి దించాడు. మట్టినేల అయితే జేజినాయన బొటనవేలు ఉంది గానీ, అది నున్నటి బండల నేల. నీళ్లు చక్కగా వాకిలి వైపు పోతున్నాయి.

"మాది తనకల్లు అవ్వా. అది ఆ దిక్కే. మా ఊర్లోనూ రెండేండ్లుగా చినుకు ల్యా," అన్నాడాయన మెల్లిగా. "పొయ్యి. మిగిలిండేదీ పొయ్యి."

జేజి చటుక్కున మర బిగించేసింది.

తర్వాత ఆ ఇద్దరూ నేలమీద కూర్చుని చేసిన బేరం, రాజులు సరిహద్దులకు కూడా చేసి ఉండరు. ఆఖరికి సాయిబు నేల తుడిచే గోనెపట్ట తెచ్చి, తడిపి, వాకిలికి అడ్డంగా కట్టలా వేశాడు. జేజి మిగిలిన నీళ్లు పోసింది. సగం పట్టను దాటుకుని తనకల్లుకు పోయాయి, సగం వెనక్కి మళ్లి వజ్రాల రాళ్ల పెట్టె కిందుగా మా ఊరి దిక్కు పట్టాయి. ఆ తడంతా సాయిబే తుడిచాడు, ఆఫీసరు వచ్చేలోపల.

వాన వచ్చింది. కాకపోతే ముందు తనకల్లులో వచ్చిందని బస్సు కండక్టరు చెప్పాడు. మాకు ఆ తర్వాత కొన్నాళ్లకు, అదనుకు కాస్త అటూ ఇటూగా పడింది. విత్తనాల మూట దూలం దిగింది, బావి దగ్గర మాటలు మళ్లీ సాగాయి. జేజి మాత్రం ఒప్పుకోలేదు.

"సగం సగమని చెప్పి, ముందు సగం ఆయప్పే తీసుకున్నాడు," అనేది.

మరుసటి వేసవికి ఇంకా పెద్ద చెంబుతో బయల్దేరింది. సాయిబు పట్ట తడిపి పెట్టుకుని ఎదురుచూస్తున్నాడు. జేజి నడుము వంగి బస్సెక్కలేకపోయేదాకా మా ఇంటి వేసవి సంబరం అదే.

ఇప్పుడు ఈరన్న అద్దాల గదిలో ఉన్నాడు. పిల్లలు ఆయన కుక్కను మట్టితో చేస్తున్నారు, బాగానే వస్తోంది. మా ఊళ్లో ఎవరి చేనికి వాళ్ల బోరు. నీళ్లు ఎవరి కాళ్ల కింద నుంచి వాళ్లకు వస్తున్నాయి, వచ్చినన్నాళ్లు. ఆకాశాన్ని పంచుకునేందుకు పక్కవాడితో కూర్చుని బేరమాడే అవసరం ఎవరికీ లేదు.

తరగతి అయ్యాక నా సీసా నాకిచ్చారు. మనవరాలు చూస్తుండగా మెట్టు మీద కాసిని నీళ్లు వంపాను. అవి ఎటు పోవాలో తెలియనట్టు కాసేపు అక్కడే నిలబడ్డాయి. మా దిక్కుకు కూడా కొంచెం అనేవాళ్లు ఎవరైనా ఉన్నారేమోనని చుట్టూ చూశాను. కాపలా కుర్రవాడు, మెట్టు జారుతుంది జాగ్రత్త అని మాత్రం చెప్పాడు.