మూడు సీసాల పాఠం

ఫయీనా సవేల్యేవ్నాకు ఇంగ్లీషు వచ్చన్న సంగతిలో కాలేజీలో ఎవరికీ అనుమానం లేదు, ఆవిడకు తప్ప. ముప్పై ఏళ్లుగా పిల్లలకు ఆ భాష చెబుతూనే ఉంది గానీ, దాన్ని అమ్మభాషగా మాట్లాడే మనిషిని ఒక్కణ్ణీ కళ్లారా చూసిన పాపాన పోలేదు. వోల్గా ఒడ్డున ఎరువుల ఫ్యాక్టరీని నమ్ముకుని బతికే ఊరది. పాతకాలంలో విదేశీయుల్ని ఆ ఊరి పొలిమేర తొక్కనిచ్చేవారు కాదు. ఇప్పుడు రానిస్తున్నారు, వచ్చేవాడే లేడు.

సోవియట్ దేశం తలకిందులై మూడేళ్లయింది. నిన్నటిదాకా పార్టీ చరిత్ర చెప్పిన గెరాసిం నికనోరొవిచ్, ఒక వేసవి సెలవులు దాటేసరికి అదే గొంతుతో, అదే కోటుతో మార్కెట్ సూత్రాలు చెప్పడం మొదలుపెట్టాడు. ఆయనకు ఏ తికమకా ఉన్నట్టు కనబడలేదు. ఆయన వాటా తికమక కూడా ఫయీనాకే వచ్చి పడినట్టుంది.

సెప్టెంబరులో ఒకరోజు శాఖాధిపతి ఎల్వీరా కర్పోవ్నా ఆవిడను పిలిచింది.

"ఇంగ్లీషు గంటలు కోసేశారు. కెమిస్ట్రీ వాళ్లనీ ఎకనామిక్స్ వాళ్లనీ ఒకే గదిలో కూచోబెడుతున్నాం. ఇకమీదట ఉత్త ఇంగ్లీషు కాదు, వాళ్ల సబ్జెక్టులే ఇంగ్లీషులో పరిచయం చెయ్యాలి."

"నాకు ఆ రెండూ రావు కదండీ."

"ఇంగ్లీషొచ్చుగా. నవంబరులో విప్లవం పండగ సెలవులయ్యాక ప్రదర్శన పాఠం పెట్టండి. కమిటీ వచ్చి కూచుంటుంది. బాగుంటే కోర్సు మీదే. లేదంటే మీకూ వయసొచ్చింది, హాయిగా ఇంటిపట్టున విశ్రాంతి తీసుకోవచ్చు."

ఆ హాయి తలుచుకుంటేనే ఫయీనాకు భయం వేసింది. ఇంట్లో ఆవిడ కోసం కాచుకున్నది ఒక పిల్లి, అది కూడా పక్కింటివాళ్లది. పాఠం లేని రోజున తను ఎవరో తనకే తెలియదు. ఆ భయంతోనే రెండు పుస్తకాలూ ముందేసుకుని కూచుంది. ఇంగ్లీషు మాటలన్నీ అర్థమయ్యాయి, వాటి వెనక ఉన్న విషయం మాత్రం ఒక్క ముక్క ఎక్కలేదు.

చివరికి కెమిస్ట్రీ చెప్పే స్నేహితురాలు నినెల్ ఇంటికి వెళ్లింది. అక్టోబరు నెల కదా, చలికాలానికి ఊరవెయ్యడానికి ఊరంతా క్యాబేజీ తరుగుతోంది. నినెల్ కూడా మోచేతులదాకా తురుములో మునిగి ఉంది.

"ఏమే ఫయా, ఇంత పెద్ద ప్రయోగశాల ఎదురుగా పెట్టుకుని పుస్తకాలు నములుతావేంటే? క్యాబేజీలో తీపి ఉంటుంది. కంటికి కనబడని జీవాలు ఆ తీపి తిని పులుపు చేస్తాయి. ఈలోగా కుళ్లిపోకుండా ఉప్పు కాపలా కాస్తుంది. ఇదే కెమిస్ట్రీ."

"మరి ఎకనామిక్సో?"

"సంతకి పట్టికెళ్లి అమ్ము."

"సిగ్గులేదూ? ఊరవేసింది ఎవరికన్నా పెడతాం గానీ అమ్ముకుంటామా?"

నినెల్ నవ్వి, ఆవిడ చేతికో కత్తి ఇచ్చి కూచోబెట్టింది.

అలా పుట్టింది మూడు సీసాల పాఠం. ఒకదాంట్లో ఆ ఉదయమే తరిగిన క్యాబేజీ, ఒకదాంట్లో సగం ఊరింది, ఒకదాంట్లో తినడానికి సిద్ధంగా ఉన్నది. మూడూ ఎలా మారాయో కెమిస్ట్రీ పిల్లలు చెబుతారు, మూడింటికీ ధర ఎందుకు తేడానో ఎకనామిక్స్ పిల్లలు చెబుతారు. చెప్పడమంటే, ఎవరి వాక్యం వాళ్లకి ముందే కంఠతా పట్టించేసింది. ప్రదర్శన పాఠమంటే ఆ దేశంలో ఎక్కడైనా అంతే. వరస తెలుసు, ప్రశ్నలు తెలుసు, ఎవరు ఎప్పుడు చెయ్యెత్తాలో తెలుసు. ఆ సంగతి కమిటీకీ తెలుసు.

సగం ఊరిన సీసా కాలేజీ గదిలోనే, హీటరు పైనున్న కిటికీ గట్టు మీద ఉంచింది. పండగ సెలవులయ్యాక చూస్తే అందులో నీళ్లు జిగురెక్కాయి, వాసన చేదుగా ఉంది. అదే క్యాబేజీ, అదే ఉప్పు, అదే చెయ్యి. ఇదెందుకు పోయింది? ఫయీనాకు బుర్ర పని చెయ్యలేదు. మూత గట్టిగా బిగించి బల్ల మీద పెట్టింది. మూత తియ్యకపోతే ఎవరికి తెలుస్తుందిలే అనుకుంది.

అసలు పొరపాటు అది కాదు. కమిటీ గంట మోగకముందే వచ్చేసింది. బయట గడ్డకట్టే చలి. ఎల్వీరా కర్పోవ్నా, గెరాసిం నికనోరొవిచ్‌లతో కలిపి నలుగురు మనుషులు ముక్కులు ఎర్రగా చేసుకుని గుమ్మంలో నిలబడ్డారు. బల్ల మీద తిండి ఉంది. ఇంటికొచ్చినవాళ్లకు నోరు తడపకుండా కూచోమనే ఆడది ఆ ఊళ్లో పుట్టలేదు. ఆవిడ చెయ్యి ఆవిణ్ణి అడగలేదు, దానంతటదే తినడానికి సిద్ధంగా ఉన్న క్యాబేజీ సీసా మూత తీసింది.

"ఒక్క ముక్క రుచి చూడండి," అంది.

నల్లరొట్టె కూడా సంచిలోంచి బయటకొచ్చింది. ఎల్వీరా కర్పోవ్నా కళ్లు మూసుకుని నమిలింది. చూస్తుండగానే నలుగురూ సీసా అడుగంటించారు. గెరాసిం నికనోరొవిచ్‌కి పండగ నాటి వోడ్కా ఇంకా తలలోంచి దిగలేదేమో, అడుగున మిగిలిన ఉప్పునీళ్లు సీసాతో సహా ఎత్తి తాగేసి, "ప్రాణం లేచొచ్చింది," అన్నాడు. గంట మోగింది. పాఠానికి ఆయువుపట్టైన సీసా ఖాళీగా బల్ల మీద నిలబడింది.

ఇక తీఖన్ లేచాడు. కెమిస్ట్రీ కుర్రాడు, కంఠతా పట్టడంలో దిట్ట. ఖాళీ సీసాకేసి వేలు చూపించి స్పష్టమైన ఇంగ్లీషులో అప్పజెప్పాడు.

"ఈ సీసాయందు సిద్ధమైన క్యాబేజీ కలదు. అది తెల్లగాను, కరకరలాడుచును ఉన్నది."

తర్వాతి అమ్మాయి లేచి, "దీని రుచి కారణముగా దీని ధర హెచ్చు," అంది. ఎవరూ నవ్వలేదు. ఫయీనా మాత్రం ఖాళీ సీసాకేసీ కమిటీకేసీ మార్చి మార్చి చూసింది. ఆపాలా, సాగనివ్వాలా?

వెనేరా వంతు వచ్చింది. ఎకనామిక్స్ చదివే తాతారు జాతి పిల్ల. రెండో సీసా చేతిలోకి తీసుకుని, "ఈ సీసా సంసిద్ధతకు సగము దారిలో..." అని మొదలుపెట్టి, ఎందుకో మూత తీసింది. వాసన గదంతా పాకింది. పిల్ల వాక్యం మధ్యలోనే ఆగిపోయింది. తర్వాత వచ్చిన ఇంగ్లీషు ఎవరూ కంఠతా పట్టించినది కాదు.

"ఇది చచ్చింది. ఎందుకు?"

పిల్ల ఇంగ్లీషులోనే అడిగింది గనక ఫయీనా ఇంగ్లీషులోనే జవాబు చెప్పాలి. ముప్పై ఏళ్లలో పిల్లల ముందు ఏ భాషలోనూ అనని మాట నోటివెంట వచ్చింది.

"నాకు తెలీదు."

అప్పుడు తీఖన్, చెయ్యెత్తకుండానే, "వేడి. కింద హీటరు," అన్నాడు. "కాదు, కర్ర," అంది ఇంకో పిల్ల, "మా అవ్వ రోజూ కర్ర పొడుచును. గ్యాస్ బైటికి పోవును. ఇక్కడ ఎవరూ పొడుచు లేదు." "ఖాళీ సీసా ఎక్కువ ధర," అంది వెనేరా, "అందరికీ కావాలి, అది లేదు." "కానీ తిన్నవాళ్లు డబ్బు ఇవ్వలేదు," అన్నాడు తీఖన్ కమిటీ వైపు చూస్తూ.

క్లాసంతా ఘొల్లుమంది. కమిటీలో ఉన్నవాళ్లందరూ, ఎల్వీరా కర్పోవ్నాతో సహా, బడిలో జర్మన్ చదివినవాళ్లే, ఇంగ్లీషు ముక్క రాదు. పిల్లలు నవ్వుతున్నారు కదా అని వాళ్లూ నవ్వారు.

సాయంత్రం ఎల్వీరా కర్పోవ్నా తీర్పు చెప్పింది.

"సగం దాకా బానే ఉంది. తర్వాత గోల. ఎక్కడో మీరు జవాబు చెప్పలేక నిలబడిపోయారు. భాష రాకపోయినా అది మాకు తెలిసింది. అది మాత్రం దిద్దుకోండి." ఆగి, గొంతు తగ్గించింది. "కోర్సు మీదే. గెరాసిం నికనోరొవిచ్ గట్టిగా పట్టుబట్టారు. అది సరే, ఆ క్యాబేజీ నెలవంక పెరిగేటప్పుడే ఊరేశారా? అప్పుడేస్తేనే కరకరలాడుతుందంటారు."

ఫయీనా సంతోషపడాలో ఏడవాలో తెలియక ఇల్లు చేరింది. పిల్లలు బాగా మాట్లాడారనుకుంటే అది ఎవరికీ అర్థం కాలేదు. అర్థమైనంత మేరకు పాఠం చెడిపోయింది. మరి కోర్సు ఎందుకిచ్చారు?

నినెల్ దగ్గరికి వెళ్లి ఆ చేదు సంగతి పూర్తిగా నేర్చుకుంది. వేడి ఎంత చేసింది, బయటికి పోలేని గ్యాస్ ఎంత చేసింది, అన్నీ ఇంగ్లీషులోకి మార్చుకుని, తెలీదన్న మాటను చెరిపేసుకోవాలన్న పట్టుదలతో తర్వాతి క్లాసుకు వెళ్లింది. ఆవిడ నోరు తెరిచేలోపే వెనేరా లేచింది.

"ఫయీనా సవేల్యేవ్నా, మొన్న మేము తప్పు అన్నాం," అంది ఇంగ్లీషులో, మాట మాటకీ వెతుక్కుంటూ. "తిన్నవాళ్లు డబ్బు ఇవ్వలేదు అన్నాం. కానీ ఇచ్చారు. క్యాబేజీ తిన్నారు, మీకు ఉద్యోగం ఇచ్చారు. ఇది ధర. అవునా?"

ఆ పిల్ల కళ్లలో కొంటెతనం లేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. ఫయీనా కష్టపడి నేర్చుకొచ్చిన కెమిస్ట్రీ ఒక్క ముక్కా ఇక్కడ పనికిరాదు.

"నాకు తెలీదు," అంది. ఈసారి ఆ మాట కొంచెం తేలిగ్గా వచ్చింది.

"కాదు," అని వెనక నుంచి తీఖన్ లేచాడు, ఇంగ్లీషులోనే. "నేను ఒప్పుకోను. ఎందుకో చెప్తాను."

ఫయీనా కుర్చీ లాక్కుని వాళ్ల మధ్య కూచుంది.