ఇంకొక్కటిగారి బండి

ఆయన బండి పుట్టింది దూరప్రయాణాలకు. ఆయన పుట్టింది దానికి ఇంకొక్కటి బిగించడానికి. హ్యాండిల్‌కు చేతి కవచాలు, ఇంజనుకు రక్షణగా ఇనుప కడ్డీలు, ఇరువైపులా అల్యూమినియం పెట్టెలు, మంచులో దారి చూపే పసుపు దీపాలు... "ఇంకొక్కటి బిగిస్తే చాలు, ఇక బయల్దేరడమే!" అనేవాడు. వీధివాళ్లు అసలు పేరు మరిచిపోయి ఇంకొక్కటిగారనే పిలిచేవారు. కొండలెక్కాల్సిన ఆ బండి అంతవరకూ ఎక్కిన ఎత్తల్లా ఇంటి ముందున్న ర్యాంపే.

ఆయన భార్య బళ్లో లెక్కల టీచరు. పాపం, ఆవిడ సముద్రమే చూడలేదు. బండి కొన్ననాడే చూపిస్తానని ఆయన మాటిచ్చాడు. ఆ తర్వాత ఎన్ని సెలవులు వచ్చాయో, ఎన్ని పోయాయో! సర్దిన బట్టలు సర్దినట్టే బీరువాలోకి వెళ్లిపోయేవి. ఆవిడకు ఆశ అడుగంటింది.

"పోయిన సెలవుల్లో దీపాలు బిగించారుగా? మళ్లీ దీపాలేంటండీ?"

"అవి నప్పలేదే."

"మరి గాలి కొట్టకుండా ముందు బిగించిన ఆ గాలి అద్దం?"

"అదీ నప్పలేదు."

"నేనైనా నప్పానా, లేక నన్నూ మార్చేస్తారా?"

"నువ్వు బ్రహ్మాండంగా నప్పావు. ఇంకొక్కటి బిగిస్తే..."

ఆవిడ తల గోడకేసి కొట్టుకోవడం ఒక్కటే తక్కువ.

ఈసారి ఆవిడ భీష్మించుకు కూర్చుంది. "రేపు బండి కదలకపోతే నేనొక్కదాన్నే బస్సెక్కి పోతా. మీరూ మీ బండీ కాపరం చేసుకోండి!"

ఆయన హడలిపోయాడు. ఆవిడ నడుంనొప్పి కోసమని వెనక సీటుకు వీపు ఆనించుకునే మెత్త బిగించాడు. ఆవిడ ఎక్కి కూర్చుని చూసుకుంది. హాయిగా ఉంది. సముద్రం చూసేసినంత సంబరపడింది.

తెల్లారి సంచి పట్టుకుని బయటికొస్తే మెత్త లేదు!

"ఏదండీ?"

"అది... నప్పలేదే."

ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. "నా నడుముకు నప్పింది కదండీ! ఈ జన్మకు మీరు కదలరు, నాకు తెలుసు." సంచి భుజాన వేసుకుని విసవిసా బస్టాండు దారి పట్టింది.

వీధి చివర పేపర్లాయన మోపెడ్ ఎదురైంది. దానికి పసుపు దీపాలు! "అయ్యగారే బిగించారమ్మా, చీకట్లో గోతుల్లో పడుతున్నానని," అన్నాడతను. ఆ వెనకే దర్జీ స్కూటరు. ముందు గాలి అద్దం, వెనక ఆవిడ మెత్త, ఆ మెత్తకు ఆనుకుని దర్జీ వాళ్లమ్మ.

"ఆస్పత్రికి పోతున్నామమ్మా. ఎక్కడ వెనక్కి పడతానో అని ప్రాణం గుప్పిట్లో పెట్టుకుని కూర్చునేదాన్ని. నిన్న రాత్రి మీ ఆయన దీన్ని బిగించాడు. నీకు మాత్రం చెప్పొద్దన్నాడు, తిడతావట!"

తిట్టడానికే నోరు తెరిచింది. కానీ ఆ మనిషి మీద ఒళ్లు మండిపోయేంత ప్రేమ పుట్టుకొచ్చింది.

వెనక్కొచ్చేసరికి ఆయన బండి పక్కన బిక్కమొహం వేసుకుని కూర్చున్నాడు. ఆవిడ మంచం మీది దిండు తెచ్చి, వెనక సీటుకు తాడుతో కట్టేసింది.

"ఎక్కండి. తీయండి బండి."

బండి వీధి దాటింది. ఊరు కూడా దాటింది! అప్పుడు కనిపించాడు కూరగాయలతను. మోపెడ్ క్యారియర్ విరిగి, టమాటాలన్నీ రోడ్డు పాలయ్యాయి. ఆయన కాలు బ్రేకు మీదికి పోయింది. అద్దంలో భార్య మొహం చూశాడు. భయపడి కాలు తీసేశాడు.

"ఆపండి," అందావిడ.

దిగి, టమాటాలు ఏరి గట్టున పోసింది. తర్వాత బండి దగ్గరికొచ్చి, పక్కనున్న అల్యూమినియం పెట్టెను పట్టుకుని ఊపి చూసింది.

"ఇది ఏ పానాతో ఊడుతుందండీ?"